అడిగే తీశావా?

పోయినేడాది ఫిబ్రవరి 28న, సైన్స్ డే సందర్భంగా మన కాలేజీలో ఓపెన్ డే పెట్టాం. చుట్టుపక్కల బడుల నుంచి పిల్లలు బస్సుల్లో, ఆటోల్లో వచ్చారు. ఆ రోజు నేనొక ఫోటో తీశాను. దాని గురించే ఈ వ్యాసం. కానీ ముందే ఒక మాట. ఆ ఫోటోలో ఉన్న పాప ఎవరో మీకు గుర్తొచ్చేలా నేను చెప్పను. తరగతి, ల్యాబు, వస్తువు, ఇలాంటివి కొన్ని మార్చి రాస్తున్నా. ఎందుకో చదువుతుంటే మీకే తెలుస్తుంది. ఎవరికైనా గుర్తొచ్చినా దయచేసి వెతక్కండి.

ఒక ల్యాబులో నేలమీద నల్ల టేపు అంటించి, దాని వెంట లైన్ ఫాలోవర్ రోబోని నడిపిస్తున్నారు మనవాళ్లు. డెమో అన్నాక ఏదో ఒకటి చెడాలి కదా! మలుపు దగ్గర అది దారి తప్పింది. తిన్నగా వెళ్లి ఓ ఎనిమిదో తరగతి పాప కాళ్ల దగ్గర ఆగింది. పాప ఉలిక్కిపడి ఓ అడుగు వెనక్కేసి, ఆ వెంటనే రెండు చేతులూ బుగ్గలకి ఆనించుకుని నవ్వింది. కిటికీలోంచి వచ్చే ఎండ సగం మొహం మీద పడుతోంది. వెనకాల మిగతా పిల్లలంతా మసకమసకగా. నేను క్లిక్ చేశాను.

ఫోటోగ్రఫీ క్లబ్బులో చేరిన దగ్గర్నుంచీ అంత మంచి ఫోటో నేను తీయలేదు. ఆ తర్వాతా తీయలేదు. ఆ రాత్రే క్లబ్బు పేజీలో పెట్టాం. కింద క్యాప్షన్ రాసింది నేనే. వచ్చినందుకు థాంక్స్ చెప్పాలి కదా అని బడి పేరు, ఊరి పేరు, మండలం పేరుతో సహా రాశాను. అది మర్యాద అనుకున్నా. మర్నాటికి క్లాసు గ్రూపుల్లో, సీనియర్ల స్టేటస్‌లలో అదే ఫోటో. వారం తిరక్కుండా ఆఫీసు నుంచి కబురొచ్చింది, ఒరిజినల్ ఫైల్ పంపమని. అడ్మిషన్ల ఫ్లెక్సీ మీద వేస్తారట. బైపాస్ పక్కన ఇరవై అడుగుల ఫ్లెక్సీ మీద నేను తీసిన ఫోటో! మా నాన్నకి వీడియో కాల్ చేసి మరీ చూపించాను.

పదకొండో రోజు సాయంత్రం ఆ బడి టీచరమ్మ ఫోన్ చేసింది. నంబరు ఎవరిచ్చారో తెలీదు.

"బాబూ, మీ పేజీలో మా పిల్ల ఫోటో ఉంది. అది తీసేయాలి."

"చాలా మంచి ఫోటో మేడం, అందరూ మెచ్చుకుంటున్నారు" అన్నాను.

"మంచిదే బాబూ. మంచిది కాబట్టే అందరూ పంపుకున్నారు. అలా పంపుకుని పంపుకుని, ఎవరు చూడకూడదో వాళ్లే చూశారు."

ఆ పాప వాళ్లమ్మ భర్త కొట్టే దెబ్బలు పడలేక ఇద్దరు పిల్లల్ని తీసుకుని వేరే జిల్లా నుంచి వచ్చేసింది. ఏ ఊళ్లో ఉంటున్నదీ అటు వైపు ఎవరికీ తెలియనివ్వలేదు. నా క్యాప్షన్ తెలియజేసింది. ఆయన సరిగ్గా మధ్యాహ్న భోజనం వేళకి బడి గేటు దగ్గరికి వచ్చాడు. హెడ్మాస్టరు లోపలికి రానివ్వలేదు, గొడవ పెద్దదవకుండానే పంపించేశారు. కానీ మర్నాటి నుంచి పాప బడికి రావడం లేదు. "టీసీ కూడా తీసుకోలేదు బాబూ. ఎక్కడికెళ్లారో మాకూ తెలీదు. పరీక్షలకి నెల కూడా లేదు" అంది టీచరమ్మ.

అప్పుడు నేనన్న మాట తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. "మీరు మాకు ముందే చెప్పి ఉంటే బాగుండేది కదా మేడం" అన్నాను.

ఆవిడ కోప్పడలేదు. "మీరు అడిగారా బాబూ?" అంది. అంతే.

పేజీలోంచి పది నిమిషాల్లో తీసేశాం. ఫ్లెక్సీ దిగడానికి తొమ్మిది రోజులు పట్టింది. కట్టినవాళ్లు వేరు, డబ్బులిచ్చినవాళ్లు వేరు, దింపమని చెప్పాల్సినవాళ్లు వేరు. స్టేటస్‌లు పెట్టుకున్నవాళ్లని ఒక్కొక్కరినీ అడిగి తీయించాను. కొందరు "అంత సీను లేదులేరా" అన్నారు. ఆ ఫోటో ఎన్ని ఫోన్లలో ఇంకా పడుందో నాకు తెలీదు. నా దగ్గర మాత్రం లేదు.

తర్వాత క్లబ్బు మీటింగ్ పెట్టుకున్నాం. రెండు గంటలు వాదించుకున్నాం. ఆ వాదనలన్నీ మీరూ ఎక్కడో ఒకచోట చేసే ఉంటారు, అందుకే రాస్తున్నా.

మొదటిది ఎప్పుడూ ఉండేదే: "పబ్లిక్ ప్లేస్ కదా, ఎవరైనా తీసుకోవచ్చు." సరే, నేను చదివేది బీటెక్కే గానీ, ఆ నెలంతా చట్టాలు చదివాను. సామాన్యంగా బహిరంగ ప్రదేశంలో ఫోటో తీయడం మన దేశంలో నేరం కాదు. ఐటీ చట్టంలో 66ఈ సెక్షన్ ఉంది, కానీ అది ఒంటి మీద మరుగున ఉండాల్సిన భాగాల్ని అనుమతి లేకుండా తీయడం గురించి. పోక్సో చట్టం, జువైనల్ జస్టిస్ చట్టం పిల్లల గుర్తింపు బయటపెట్టొద్దంటాయి, కానీ అది ఏదో నేరానికి గురైన పిల్లల గురించో, కేసుల్లో, రక్షణ గృహాల్లో ఉన్న పిల్లల గురించో. రోబో చూడ్డానికొచ్చిన పాప ఈ దేంట్లోకీ రాదు. అలా చూస్తే నేనేం తప్పు చేయలేదు.

అయితే 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం, గోప్యత మన ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా తేల్చింది. ఆ తీర్పులో నాకు బాగా పట్టిన విషయం ఒకటుంది. మనిషి నలుగురిలోకి వచ్చినంత మాత్రాన గోప్యత పోదు, అది చోటుకి కాదు, మనిషికి అంటిపెట్టుకుని ఉంటుంది అంటుంది. అంటే "పబ్లిక్ ప్లేస్" అనగానే వాదన అయిపోలేదు, అక్కడే మొదలైంది. ఆ పాప మా ల్యాబులో ముప్పై మంది ఎదుట నవ్వింది. నిజమే. ఆ ముప్పై మందీ ఆ నవ్వు చూసి మర్చిపోతారు. బైపాస్ మీద లారీ డ్రైవర్లందరి ముందూ నెలరోజులు నవ్వడానికి ఆమె ఒప్పుకోలేదు కదా.

హైదరాబాద్ జూపార్కుకి వెళ్తే కెమెరాకి విడిగా టికెట్ కొనాలి. చిన్నప్పుడు మా బాబాయి ఆ టికెట్ జేబులో పెట్టుకుని, పులి ముందు నిలబడ్డ ఎవరెవరి పిల్లల్నో కూడా ధీమాగా తీసేవాడు. డబ్బులు కట్టాం కదా అని. ఆ టికెట్ ఇచ్చింది జూ వాళ్లు. పులి తరఫున ఇచ్చారనుకోవచ్చు. పక్కనున్న పిల్లల తరఫున ఎవరిచ్చారు? మన ఓపెన్ డేలో నా మెళ్లో ఉన్న "ప్రెస్ అండ్ మీడియా టీం" ట్యాగు కూడా అలాంటి టికెట్టే. కాలేజీ నాకిచ్చింది, పాప ఇవ్వలేదు.

ఇది కొత్త తగువేం కాదు. 1888లో కొడాక్ వాళ్లు చేతిలో పట్టుకుని తిరిగే కెమెరా తెచ్చారు. రెండేళ్లకే, 1890లో, అమెరికాలో వారెన్, బ్రాండైస్ అనే ఇద్దరు లాయర్లు గోప్యత హక్కు గురించి పెద్ద వ్యాసం రాశారు. అందులో వాళ్ల ఫిర్యాదుల్లో ఒకటి, అడక్కుండా చటుక్కున తీసేసే ఫోటోల మీదే. జర్మనీలో 1898లో బిస్మార్క్ చనిపోతే ఇద్దరు ఫోటోగ్రాఫర్లు రాత్రిపూట ఇంట్లోకి దూరి ఆయన శవాన్ని ఫోటో తీశారు. ఆ రచ్చ అక్కడితో ఆగలేదు. చివరికి 1907లో, మనిషి బొమ్మని అతని అనుమతి లేకుండా ప్రచురించకూడదని చట్టం వచ్చింది. మనం ఇంజనీర్లం కాబట్టి చెప్తున్నా, పరికరం ముందు వస్తుంది, దాంతో ఎలా మెలగాలో ఎప్పుడూ వెనకాలే వస్తుంది. ఈ మధ్యలో ఎవరో ఒకరు దెబ్బ తింటారు.

మా నానమ్మ కెమెరా చూస్తే కొంగు మొహానికి అడ్డం పెట్టుకునేది. ఫోటో తీస్తే ఆయుష్షు తగ్గుద్దిరా అనేది. మేమంతా నవ్వేవాళ్లం. అయినా దొంగచాటుగా తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టేవాళ్లం, "నానమ్మ క్యూట్" అని. ఆయుష్షు సంగతి తెలీదు గానీ, ఆవిడ వద్దంది. ఆ మాట మాకు జోకు అయింది.

రెండో వాదన మా క్లబ్బులో అందరికీ గుండెల్లోంచి వచ్చింది: "అడిగితే క్యాండిడ్ పోతుంది." ఇది నాక్కూడా నిజమే అనిపిస్తుంది. కెమెరా ఉందని తెలిసిన పిల్లలు నవ్వరు, రెండు వేళ్లు పైకెత్తుతారు. కాబట్టి ముందు తీయి, తర్వాత అడుగు. తీయడానికీ పెట్టడానికీ మధ్య ఎంతో టైముంది కదా! ఆ రోజు సాయంత్రం నాలుగింటిదాకా ఆ పిల్లలు మన క్యాంటీన్ ముందే కూర్చుని బిస్కెట్లు తింటున్నారు. నేను వాళ్ల పక్కనుంచి మూడుసార్లు వెళ్లాను. కెమెరా తిప్పి, "ఇదిగో చూడమ్మా, పేజీలో పెట్టొచ్చా? మీ మేడంని అడుగుదామా?" అనడానికి అరనిమిషం చాలు. క్యాండిడ్ పోతుందని కాదు నేను అడగంది. అడగాలని తట్టలేదు, అందుకని.

క్యాండిడ్ గురించి మాట్లాడేటప్పుడు ఫోటోగ్రఫీ క్లబ్బుల్లో గోడకి కచ్చితంగా ఉండే ఫోటో ఒకటుంది. మన క్లబ్బు రూములోనూ ఉంది. ఆకుపచ్చ కళ్ల అఫ్గాన్ అమ్మాయి. 1984లో పెషావర్ దగ్గరి శరణార్థి శిబిరంలో స్టీవ్ మెకర్రీ తీసింది. 1985 జూన్‌లో నేషనల్ జియోగ్రాఫిక్ ముఖచిత్రంగా వచ్చి ప్రపంచమంతా తిరిగింది. ఆ కళ్లలో కోపం చూడండి, భయం చూడండి అని మాకూ సీనియర్లు పాఠం చెప్పారు. ఆ అమ్మాయి పేరు షర్బత్ గులా అని ప్రపంచానికి తెలిసింది 2002లో. తన ఫోటో తను మొదటిసారి చూసుకుందీ అప్పుడే. పదిహేడేళ్లపాటు ఆమె తప్ప అందరూ చూశారన్నమాట. ఆ రోజు తనకి కోపం వచ్చిందని ఆమే చెప్పింది, ఎవరో తెలియని మగమనిషి ఫోటో తీస్తున్నందుకు. మనం లైటింగ్ గురించి, కంపోజిషన్ గురించి మాట్లాడుకుంటూ మెచ్చుకున్న ఆ చూపు, బహుశా "వద్దు" అన్న మాటే. ఆ ఫోటో వల్ల శరణార్థుల మీద ప్రపంచం దృష్టి పడింది, సాయం వచ్చింది, ఆమెకీ తర్వాత కొంత సాయం అందింది. కాదనను. గోడమీంచి తీసేయమనీ అనను. కింద ఆమె పేరు రాశాం, ఇదివరకు మెకర్రీ పేరొక్కటే ఉండేది.

మూడో వాదన టెక్నికల్ టీం వాళ్లది: "పేరు లేకుండా పెడితే ఎవరు గుర్తుపడతారు?" దీన్ని మన కాలేజీలో మనమే అనుకోవడం నవ్వొస్తుంది. నా కెమెరా 24 మెగాపిక్సెల్. అంటే అడ్డంగా 6000, నిలువుగా 4000 పిక్సెళ్లు. ఇన్‌స్టాలో పెట్టినప్పుడు అది చిన్నదైపోయి ఏమీ కనబడదు. కానీ "ఒరిజినల్స్ ఇక్కడ" అని మేమిచ్చిన డ్రైవ్ లింకులో పూర్తి ఫైలుంది. అందులో జూమ్ చేస్తే పాప మెళ్లో ఐడీ కార్డు మీద అక్షరాలు చదవొచ్చు. నేను తర్వాత చేసి చూశాను. చదివాను. యూనిఫాం రంగు, జేబు మీద బ్యాడ్జీ, వెనక కిటికీలోంచి బస్సు, ఇవన్నీ పేరు కంటే ఎక్కువ చెప్తాయి. ఇక ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి తీసిన ఫోటో అయితే అక్షాంశం, రేఖాంశం కూడా ఫైల్లోనే రాసుకుంటుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఆ వివరాలు ఊడిపోతాయి. క్వాలిటీ పోకూడదని డాక్యుమెంట్‌గా పంపుతామే, అప్పుడు అన్నీ అలాగే వెళ్తాయి. ఆఫీసుకి నేను పంపింది డాక్యుమెంట్‌గానే.

దీని కంటే భయపెట్టింది వేరే ఉంది. మన ఫెస్టులో ఈ మధ్య ఒక యాప్ వాడుతున్నాం గుర్తుందా, సెల్ఫీ పెడితే నాలుగువేల ఫోటోల్లోంచి నీవి నీకు వెతికిస్తుంది. భలే ఉందని అందరం మెచ్చుకున్నాం. అదెలా పనిచేస్తుందో సీఎస్ఈ వాళ్లకి తెలుసు. 2015 నాటి గూగుల్ ఫేస్‌నెట్ పేపర్లో ఒక మొహాన్ని 128 అంకెల వరసగా మార్చేశారు. అంకెలు దగ్గరగా ఉంటే మొహం ఒకటే. మినీ ప్రాజెక్టు అటెండెన్స్ సిస్టంలు సగం దాని చుట్టాలే. అయితే నీ మొహం నీకు దొరకాలంటే ముందు ఫెస్టుకొచ్చిన ప్రతి మొహాన్నీ అంకెలుగా మార్చి దాచాలి. ఐస్‌క్రీం కోసం వచ్చిన వాచ్‌మన్ గారి పిల్లల మొహాలతో సహా. సెల్ఫీ పెట్టేది నువ్వేనని ఆ యాప్ ఎలా నమ్ముతుంది? ఎవరి ఫోటో పెడితే వాళ్లవి తెచ్చిస్తుంది. ఆ తండ్రి దగ్గర పాప పాత ఫోటో ఒకటి ఉండకుండా ఉంటుందా?

2023 ఆగస్టులో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండని ప్రతివాళ్లూ బాలలే. వాళ్ల డేటా వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి, ఆ అనుమతి నిజమో కాదో తేల్చుకోగలిగేలా ఉండాలి. మనిషి తన సొంతానికో, ఇంటి అవసరానికో వాడుకుంటే ఈ చట్టం వర్తించదు. పెళ్లిలో మేనకోడలి ఫోటో తీసుకుంటే ఎవరూ ఏమీ అనరు. అడ్మిషన్ల ఫ్లెక్సీ మాత్రం సొంతమూ కాదు, ఇంటిదీ కాదు. పిల్లల విషయంలో తప్పితే జరిమానా 200 కోట్ల రూపాయల వరకూ ఉండొచ్చని రాశారు. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువిచ్చారు. ఇంకో సంగతి, 18 నిండని వాళ్లంటే స్కూలు పిల్లలే అనుకోకండి. ఫ్రెషర్స్ పార్టీకి వచ్చే మన ఫస్టియర్లలో పదిహేడేళ్ల వాళ్లు బోలెడు మంది. స్టేజి మీద వాళ్లచేత డాన్సులు చేయించి తీసే రీళ్ల గురించి వేరే వ్యాసం రాయాలి.

చట్టం సరే. నన్ను కుదిపేసింది చట్టం కాదు. మీటింగ్ మధ్యలో మా జూనియర్ ఒకమ్మాయి నెమ్మదిగా ఒక విషయం గుర్తు చేసింది. ఆ రోజు టౌన్లోంచి ఒక పెద్ద ఫీజుల స్కూలు కూడా వచ్చింది. వాళ్లు ముందే కాయితం పంపారు, ఫలానా ఏడుగురు పిల్లల్ని ఫోటోలు తీయకూడదని, తల్లిదండ్రులు ఒప్పుకోలేదని. పొద్దున బ్రీఫింగ్‌లో ఆ కాయితం చదివి వినిపించారు. మేం ఆ ఏడుగురి పేర్లు బట్టీ పట్టాం. ఒకబ్బాయి గ్రూపు ఫోటోలో మూలన పడితే క్రాప్ చేశాం కూడా!

అంటే మాకు అనుమతి అంటే ఏంటో తెలుసు. తెలీక కాదు. ఫోన్ చేసి నిలదీయగలిగే తల్లిదండ్రులున్న పిల్లల దగ్గర తెలుసు. ప్రభుత్వ బడి పిల్లల దగ్గరికి వచ్చేసరికి తెలీలేదు. వాళ్ల టీచరమ్మకి మేం కాయితం పంపలేదు. పంపాలని ఎవరం అనుకోలేదు. పైగా వాళ్ల ఫోటోలే ఎక్కువ తీశాం, ఎందుకంటే వాళ్లే ఎక్కువ ఆశ్చర్యపోతారు, వాళ్ల మొహాల్లోనే "ఎమోషన్" బాగుంటుంది. ఎన్ఎస్ఎస్ క్యాంపుల్లోనూ అంతే కదా. నోటు పుస్తకాలు ఇచ్చే చేతులు నాలుగు, తీసుకునే చేతులు రెండు, మధ్యలో బ్యానరు. తీసుకునే పిల్లాడు కెమెరా వైపు చూసేదాకా పుస్తకం వదలరు మనవాళ్లు.

పిల్లలు "వద్దన్నా" అనొచ్చు కదా అంటారు. అనలేరు. ఊరి బడి నుంచి మొదటిసారి ఇంత పెద్ద కాలేజీకి వచ్చారు. లోపలికి రానిచ్చాం, టీ బిస్కెట్ పెట్టాం, అన్నలు కోట్లేసుకుని రోబోలు చూపిస్తున్నారు. అలాంటిచోట పదమూడేళ్ల పిల్ల ఒక అన్న ఎత్తిన కెమెరాకి వద్దని ఎలా చెప్తుంది? కాబట్టి వద్దనలేదు గనక ఒప్పుకున్నట్టే అన్న లెక్క మన దగ్గర చెల్లదు. అతిథి మొహమాటాన్ని అనుమతి కింద జమ చేసుకోకూడదు.

వాదనల్లో ఒకదానికి మాత్రం నేను పూర్తిగా జవాబు చెప్పలేకపోయాను. మా ఫైనలియర్ అన్న ఒకడు, అతనూ ప్రభుత్వ బడిలోనే చదివాడు, ఇలా అన్నాడు: "మీరిలా భయపడి మా పిల్లల ఫోటోలు మానేస్తే, ఇక బ్రోచర్లలో అన్నీ టౌన్ స్కూలు పిల్లల మొహాలే ఉంటాయి. మా ఊరి పిల్ల ఆ ఫ్లెక్సీ మీద తనలాంటి పిల్లని చూసి, నేనూ ఇక్కడికి రావొచ్చు అనుకోవద్దా?" అది నిజం. నాకు చాలా రోజులు తిరుగుతూనే ఉంది బుర్రలో. ఇప్పటికి తోచింది ఇంతే. ఆ ఫ్లెక్సీ మీద పాప ఉంది గానీ పాప లేదు. పేరు లేదు, ఏం చదవాలనుకుంటుందో లేదు, కింద మన కోర్సుల లిస్టు, ఫోన్ నంబరు ఉన్నాయి. ఆమె నవ్వుతో మన సీట్లు నింపుకోబోయాం. కనబడాలనుకున్న పిల్ల తనంతట తను కనబడితే, తన పేరుతో, ఇంట్లో ఒప్పుకుని, అప్పుడు అన్న చెప్పింది జరుగుతుంది. దానికీ అడగడమే దారి.

ఈ ఏడాది ఓపెన్ డేకి ముందు నెలరోజులు తంటాలు పడ్డాం. బడులన్నిటికీ, అన్నిటికీ, తెలుగులో ఒక కాయితం పంపాం. ఎక్కడ వాడతామో, ఎన్నాళ్లుంచుతామో, తీసేయాలంటే ఎవరికి ఫోన్ చేయాలో రాశాం. సగం బడుల నుంచి టీచర్లు అందరి తరఫునా తామే సంతకం పెట్టి పంపారు. తల్లిదండ్రుల సంతకం కావాలంటే "ఇదేం గోల బాబూ" అని విసుక్కున్నారు. వాళ్లని తప్పుపట్టను, వాళ్లకున్న రికార్డులే వాళ్లకి ఎక్కువ. సంతకాలు రాని బడుల పిల్లల మొహాలు తీయకూడదనుకున్నాం.

పిల్లల్ని గుర్తుపట్టడానికి రంగు స్టిక్కర్లు పెట్టాం, పచ్చదైతే తీయొచ్చు, ఎర్రదైతే వద్దు. మధ్యాహ్నానికే అది బెడిసికొట్టింది. ఎర్ర స్టిక్కర్ పిల్లల్ని మిగతావాళ్లు "నీకు ఫోటో లేదంట, ఏం చేశావ్?" అని ఏడిపించారు. ఒక బుడ్డోడు ఎక్కణ్ణుంచో పచ్చ స్టిక్కర్ సంపాదించి ఎర్రదాని మీద అంటించుకున్నాడు. చూసి నవ్వొచ్చింది, తర్వాత బాధేసింది. దాచాల్సిన వాళ్లనే నలుగురికీ చూపించే పద్ధతి కనిపెట్టాం మేం. లంచ్ తర్వాత స్టిక్కర్లన్నీ పీకేశాం.

దానికి బదులు, ల్యాబుల్లో ఎవరి మొహమూ తీయొద్దని టీంకి చెప్పేశాం. చేతులు తీయండి, టంకం వేస్తున్న చేతులు, రోబో చుట్టూ వంగిన తలలు వెనక నుంచి తీయండి. మొదట గొణిగారు గానీ, నిజం చెప్పాలంటే ఈసారి వచ్చిన ఫోటోల్లో పని కనిపిస్తుంది. ఐడీ కార్డులు చొక్కా జేబులో పెట్టుకోమని గేటు దగ్గరే చెప్పాం. డ్రైవ్ లింకు బయట ఎవరికీ లేదు. సెల్ఫీ యాప్ పెట్టలేదు, దానికి మా మీద అలిగినవాళ్లు ఇంకా అలిగే ఉన్నారు. ఇక ఫోటో కావాలన్న పిల్లల కోసం ఆడిటోరియం మెట్ల దగ్గర ఒక తెర కట్టి, చిన్న ప్రింటర్ పెట్టాం. వచ్చి దిగితే ప్రింటు తీసి వాళ్ల చేతికే ఇస్తాం, ఫైలు వాళ్ల ముందే డిలీట్ చేస్తాం. కాయితం ఖర్చు క్లబ్బుది. ఫోటో వాళ్లది.

సాయంత్రం దాకా క్యూ ఉంది. చివర్లో ఓ ఆరో తరగతి పిల్లాడు వచ్చాడు. జుట్టు తడిపి దువ్వుకుని వచ్చాడు, ఎక్కడ తడిపాడో ఏంటో. నిలబడ్డాడు, తీశాను. కెమెరా తిప్పి చూపించాను. కాసేపు సీరియస్‌గా చూశాడు.

"కళ్లు మూసుకున్నానన్నా. ఇది వద్దు, తీసెయ్యి" అన్నాడు.

తీసేశాను. ఖాళీ తెర చూపించాక గానీ నమ్మలేదు. మళ్లీ వెళ్లి నిలబడ్డాడు.